శిథిలాలయంలో స్వరాలు

లండన్ నగరంలో చర్చి గోపురాలకు కొదవ లేదు. అయినా ఓల్డ్ స్ట్రీట్ వెంట పడమరగా నడిచే బాటసారి చూపును ఒక శిఖరం ఇట్టే పట్టి నిలుపుతుంది. అది చర్చిల మీద సాధారణంగా కనిపించే శిఖరం వంటిది కాదు. ప్రాచీన ఈజిప్టు ఆలయాల ముంగిట నిలిపిన సూచీస్తంభాన్ని ఎవరో తెచ్చి గంటగోపురం మీద నిలబెట్టినట్లు ఉంటుంది. తెల్లని రాతిలో నిలువు చారలు చెక్కిన ఆ స్తంభమే సెయింట్ లూక్స్ చర్చికి ఆనవాలు. ఈ కట్టడంలో ఆరాధన ఆగిపోయి ఆరు దశాబ్దాలు దాటింది. అయినా దాని తలుపులు మూతపడి ఉండలేదు. లోపల పాట వెలసింది.

ఈ చర్చి పుట్టుక వెనుక ఒక పెద్ద సంకల్పం ఉంది. లండన్ నాలుగు దిక్కులకూ పెరుగుతున్న రోజులవి. కొత్త పేటలలోని జనానికి ప్రార్థనా మందిరాలు చాలడం లేదని 1711లో పార్లమెంటు ఒక శాసనం చేసింది. నగరానికి వచ్చే బొగ్గు మీద విధించిన సుంకంతో 50 కొత్త చర్చిలు కట్టాలని నిర్ణయించింది. సంకల్పం 50 అయితే, పూర్తయినవి డజను ప్రాంతం మాత్రమే. ఆ కొద్దిపాటి వాటిలో సెయింట్ లూక్స్ ఒకటి. జాన్ జేమ్స్, నికొలస్ హాక్స్‌మూర్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు దీనికి రూపమిచ్చారు. నిర్మాణం 1733లో పూర్తయింది.

చర్చి ఆవరణలో విలియం కాస్లన్ సమాధి ఉంది. అచ్చు అక్షరాలు పోతపోయడంలో ఇంగ్లండులో ఆయనకు సాటి లేరని పేరు. 1766లో ఆయన కన్నుమూశారు. ఆ తరువాత పదేళ్ళకు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మొదటిసారి అచ్చయినది కాస్లన్ అక్షరాలతోనే. బ్రిటిష్ రాజును ధిక్కరించిన మాటలకు రూపమిచ్చిన అక్షరాల కర్త, ఆ రాజ్యపు రాజధానిలోనే ప్రశాంతంగా నిద్రిస్తున్నాడు.

శిఖరం ఎంత ఘనమైనదైనా, భారం మోయవలసినది నేల కదా! ఇక్కడి నేల మెత్తనిది. పునాదులు క్రుంగాయి, గోడలు బీటలు వారాయి. 1959లో చర్చిని మూసివేశారు. కూలిపోతుందన్న భయంతో పైకప్పును విప్పివేశారు. భక్తులు పక్క పేటలోని సెయింట్ జైల్స్ చర్చికి తరలిపోయారు. ఆ చర్చి కథ కూడా వినదగినదే. 1940లో జర్మన్ బాంబులకు అది లోపలంతా కాలిపోయింది. యుద్ధానంతరం దానిని పునరుద్ధరించినప్పుడు, సెయింట్ లూక్స్‌లోని ఆర్గాన్ వాద్యమూ, బాప్తిస్మపు తొట్టీ అక్కడికి చేరాయి. చావుబతుకుల్లో ఉన్న గుడి, కాలిన గుడికి తన గొంతును దానమిచ్చినట్లయింది.

ఆ తరువాత సుమారు 40 సంవత్సరాలు సెయింట్ లూక్స్ ఆకాశమే కప్పుగా నిలిచింది. భక్తులు మోకరిల్లిన చోట చెట్లు మొలిచాయి. రక్షిత కట్టడాల జాబితాలో దానికి ప్రథమశ్రేణి స్థానం ఉంది. కాని జాబితాలోని పేరు వానను ఆపగలదా? కూల్చడానికి చట్టం ఒప్పుకోదు. నిలబెట్టడానికి ప్రయోజనం కనిపించదు. పాత కట్టడాలకు పట్టే దుర్దశలలో ఇంతకంటె దీర్ఘమైనది లేదు.

చివరికి ఆ ప్రయోజనం సంగీతం రూపంలో వచ్చింది. 1904లో స్థాపితమైన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, 1982 నుంచి బార్బికన్ కళాకేంద్రాన్ని తన నెలవుగా చేసుకుంది. బాంబులతో నేలమట్టమైన పేట మీద లేచినదే బార్బికన్. సెయింట్ జైల్స్ చర్చి ఉన్నదీ దాని నడుమనే. వాద్యకారులకు సాధన చేసుకోవడానికీ, పిల్లలకూ ఇరుగుపొరుగు ప్రజలకూ సంగీతం నేర్పడానికీ ఒక చోటు కావలసి వచ్చింది. కూతవేటు దూరంలో కప్పులేని చర్చి ఉంది. ఒకనాడు తన ఆర్గాన్‌ను ఏ పేటకు పంపిందో, ఆ పేట నుంచే సెయింట్ లూక్స్‌కు సంగీతం తిరిగి వచ్చింది.

ఆ పని తేలికగా సాగలేదు. నేలమాళిగలో తరతరాల మృతులు విశ్రమించి ఉన్నారు. వెయ్యికి పైబడిన ఆ భౌతికకాయాలను వెలికితీసి, పురాతత్వ శాస్త్రజ్ఞులు పరిశీలించిన పిమ్మట, నగరం వెలుపలి బ్రుక్‌వుడ్ శ్మశానవాటికలో తిరిగి ఖననం చేశారు. బతికినవారి పాట కోసం చనిపోయినవారి నిద్ర చెరచడం న్యాయమా అన్న ప్రశ్న ఏ సున్నిత మనస్కునికైనా కలుగుతుంది. జీర్ణోద్ధరణలో లాభం ఒక్కటే ఉండదు, వదులుకోవలసినదీ ఉంటుంది.

కొత్త కప్పు నిలపడానికి వాస్తుశిల్పులు లోపల ఉక్కు స్తంభాలు ఎత్తారు. అవి పైకి పోతూ చెట్ల మాదిరిగా కొమ్మలు చాచి కప్పును మోస్తాయి. ఒకప్పుడు అక్కడ మొలిచిన చెట్లు చూసినవారికి ఈ పోలిక స్ఫురించక మానదు. గోడలను మాత్రం నున్నగా పూసి కొత్తవిగా చూపాలని ప్రయత్నించలేదు. పూత రాలిన ఇటుక, వానకు నానిన ఆనవాళ్ళు అలాగే కనిపిస్తాయి. లాటరీ ఆదాయం నుంచి వారసత్వ సంపదకు కేటాయించే నిధీ, ఒక బ్యాంకు విరాళమూ ఈ పనికి ఆసరా అయ్యాయి. 2003 మార్చిలో తలుపులు తిరిగి తెరుచుకున్నాయి.

అలా తెరుచుకున్న తలుపులు ఎవరికోసం అన్నదే అసలు విషయం. ఖరీదైన టిక్కెట్టు కొన్నవారి కోసమే అయితే ఇది మరొక కచేరీ మందిరం మాత్రమే అయ్యేది. ఇక్కడ మధ్యాహ్న విరామంలో ఉచిత కచేరీలు ఏర్పాటు చేశారు. చుట్టుపక్కల నివసించే సామాన్యులతో ఒక బృందగానం రూపుకట్టింది. బడిపిల్లలు వాద్యకారుల పక్కన కూర్చుని వాద్యాలు పట్టారు. అన్నింటికంటె వింతైనది బాలి ద్వీపపు గమేలాన్. కంచు గంటలూ పళ్ళేలూ అనేకమంది కలిసి మోగించే వాద్యసముదాయం అది. దానిలో ఒక్కరి ప్రతిభ కంటె నలుగురి పొందికే ప్రధానం. ఆ పేటవాసులు ఒక బృందంగా చేరి దానిని అభ్యసించారు. ఆంగ్లేయ గోడల నడుమ ఆసియా కంచు మోగింది.

దేవుని మందిరం కళామందిరం కావడం కొందరికి బాధ కలిగించవచ్చు. అది కొట్టివేయదగిన బాధ కాదు. వివాహాలూ నామకరణాలూ కన్నీళ్ళూ చూసిన గోడలవి. అయితే ఆరాధన ఆగిపోయిన నాడే ఆ నష్టం జరిగింది. సంగీతం తెచ్చిపెట్టిన నష్టం కాదది. ఒక ఊరి వారందరూ ఒకచోట చేరి ఒకే శ్రుతికి కట్టుబడి ఉండడం చర్చి నేర్పిన మొదటి పాఠమే. ఆ పాఠం ఇక్కడ మరొక భాషలో కొనసాగింది.

కట్టడాలను కాపాడాలని మనం అనుకున్నప్పుడు కంచెలూ తాళాలూ బోర్డులూ ముందుగా గుర్తుకు వస్తాయి. సెయింట్ లూక్స్‌కు చట్టరక్షణ ఉంది, కీర్తి ఉంది, అపురూపమైన శిఖరం ఉంది. అయినా నాలుగు దశాబ్దాలు అది వానలో తడిసింది. దాని మీద కప్పు నిలిపినది పాతదనం పట్ల గౌరవం ఒక్కటే కాదు; రేపు ఉదయం లోపలికి వచ్చి కూర్చోవలసిన మనుషులు ఉండడం. రాతికి సున్నం ఎంత అవసరమో, అడుగుల సవ్వడి కూడా అంతే అవసరం.