వేటకూ ఓ లెక్కుంది!

అప్పనపల్లిలో వేటంటే తుపాకీ కాదు, వల. గోదారికి ఎర్రనీరు తగిలితే చాలు, వైనతేయ ఒడ్డున కళ్లన్నీ పులస మీదే. ఒక్కటి పడినా రేవులో పాటే, వేలల్లో ధరే. పుస్తెలమ్మైనా పులస తినమన్న సీమాయె మరి!

అమెరికాలో పడమటి రాష్ట్రమైన అరిజోనాలో ఎల్క్ అనే పెద్దకొమ్ముల జింకను వేటాడాలంటే ముందు దరఖాస్తు పెట్టాలి. లాటరీలో పేరొస్తే ట్యాగ్ ఇస్తారు. ఒక ట్యాగ్‌కి ఒక్కటే జంతువు. పేరు రాకపోతే ఓ పాయింటు కలుస్తుంది, మరుసటేడు అవకాశం పెరుగుతుంది. ఎన్ని ట్యాగులివ్వాలో మందను లెక్కగట్టి తేలుస్తారు.

మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అడవిలో వేటకు తెరపడింది. సముద్రంలో మరబోట్ల వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు విరామం. చిక్కల్లా ఒక్కటే... పులస గుడ్లు పెట్టేందుకు ఏటికి ఎదురీదేది ఆ తర్వాత, వరదల్లో. కడుపునిండా జనతో వచ్చే తల్లిచేపకు ఎదురయ్యేది వలే.

బంగ్లాదేశ్‌లో ఇదే జాతి చేప కోసం అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో జాలరులకు సర్కారు బియ్యమిస్తుంది.

పాటలో రేటు పలికిందని మురిసిపోతాం. చేప అరుదైతేనే కదా రేటు! నాలుగు పులసలైనా వల దాటి ఎగువకు చేరితేనే, రేపటి పిల్లలకూ పులుసు.