అమ్రోలిలో యువ కేంద్రం: నడిపే ఖర్చు మాటేమిటి?

సూరత్‌లో తెలుగువాళ్లు అనగానే లింబాయత్, ఉధ్నా గుర్తొస్తాయి. సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ నుంచి సాంచాల మీద పనికి వచ్చినవాళ్లు ఎక్కువగా అటే స్థిరపడ్డారు. తాపీకి ఇవతల, ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలిలో మనవాళ్లు తక్కువ. మా నాన్న సిరిసిల్ల పక్క పల్లె వాడకట్టు నుంచి వచ్చి, నది అవతల కొన్నేళ్లు గడిపి, కారఖానా దగ్గరని ఇటు మారాడు. 2006లో కార్పొరేషన్ హద్దులు పెరిగినప్పుడు అమ్రోలి, కోసాడ్ నగరంలో కలిశాయి. ఆ తర్వాత మురికివాడలు తీసేసిన చోట్ల నుంచి కుటుంబాలను తెచ్చి కోసాడ్ ఆవాస్ భవనాల్లో పెట్టారు. ఇప్పుడు మా గల్లీలో ఖాందేశ్ మరాఠీ బౌద్ధులు, గంజాం ఒడియా కార్మికులు, గుజరాతీ దళితులు, యూపీవాళ్లు, మధ్యలో మేము కొన్ని తెలుగు ఇళ్లు. పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, వీధిలో హిందీ మాట్లాడతారు.

ఇక్కడి కుర్రాళ్ల రోజు ఎలా ఉంటుందో తెలియకుండా యువ కేంద్రం గురించి మాట్లాడితే లాభం లేదు. సాంచాల ఖాతాల్లో పన్నెండు గంటల షిఫ్టు. పొద్దున ఏడుకు ఒక జట్టు దిగుతుంది, ఒక జట్టు ఎక్కుతుంది. సాయంత్రం మళ్లీ అంతే. జీతం మీటరు లెక్కన. వజ్రాల సాన పనికి వెళ్లినవాడికి చేతిలో నాలుగు డబ్బులు ఎక్కువ ఆడేవి, కానీ ఈ మధ్య ఏళ్లలో ఆ పని ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు సెలవంటారో తెలియడం లేదు. ఉచిత విద్య చట్టం పద్నాలుగేళ్ల దాకా పిల్లవాణ్ని బడిలో ఉంచమంటుంది. మా దగ్గర సరిగ్గా ఆ వయసు దాటగానే మగపిల్లవాడు ఎంబ్రాయిడరీ మిషను దగ్గరికి, ఆడపిల్ల ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అంటించే పనికి వెళ్తారు. కూర్చోవడానికి ఒక గది, చదవడానికి ఒక బల్ల, అడగడానికి ఒక పెద్ద మనిషి ఉంటే వీళ్లలో కొందరైనా పదో తరగతి పరీక్ష రాస్తారని మా కొందరికి అనిపించింది. ఇదే మా కేంద్రం ఆలోచనకు మొదలు. ఏప్రిల్ 14 ఖర్చుల లెక్క చూసుకోవడానికి కూర్చున్న రోజు, మిగిలిన డబ్బు ఏం చేద్దామన్న మాట దగ్గర ఇది పుట్టింది.

మాట బయటికి పొక్కగానే ఒక దాత ముందుకొచ్చాడు. మంచి మనిషి, మనవాడే, చిన్నపాటి బిల్డరు. తన భవనంలో నాలుగో అంతస్తు మీద షెడ్డు వేసి హాలు ఇస్తానన్నాడు. అద్దె లేదు. వాళ్ల అమ్మగారి పేరు పెట్టాలి, అంతే. మా కమిటీలో పదకొండుమందిమి ఉంటే తొమ్మిదిమంది ఆ రాత్రే బుద్ధుడి విగ్రహం ఎక్కడ పెట్టాలో మాట్లాడుకున్నారు.

నేను ఒప్పుకోలేదు. ఆ భవనానికి ఉన్నది ఒక్కటే మెట్ల దారి. కింద బట్టల గోదాము. సూరత్‌లో ఉంటూ ఆ రెండూ చూసి ఊరుకోవడం ఎలా? 2019 మే 24న నది అవతల సర్థాణాలో తక్షశిల ఆర్కేడ్ కాలినప్పుడు పై అంతస్తు కోచింగ్ క్లాసులో పిల్లలున్నారు. దిగే దారి మంటల్లో మూసుకుపోయింది. కిటికీల నుంచి దూకిన పిల్లల్ని దేశమంతా టీవీలో చూసింది. 22 మంది పోయారు, ఎక్కువమంది విద్యార్థులే. ఆ తర్వాతే నగరంలో క్లాసులకు ఫైర్ అనుమతి మాట గట్టిగా వినబడింది. మా కేంద్రం కూడా సాయంత్రం ముప్పై నలభైమంది పిల్లలు చేరే చోటే కదా.

"వచ్చిన దానాన్ని కాలదన్నుతావా తమ్మీ?" అని మా కాకా ఒకాయన బాధపడ్డాడు. దానం ఇచ్చేవాడి మనసు ఎంత మంచిదైనా, పుచ్చుకునేవాడు పిల్లల ప్రాణాలకు పూచీ పడాలి కదా కాకా అన్నాను. చివరికి ఆ దాతనే అడిగాం: వెనక వైపు ఇనుప మెట్లు వేయించి, ఫైర్ అనుమతి తెస్తే వస్తామని. ఆయన కోపగించుకోలేదు, లెక్క వేయించి చెబుతానన్నాడు. ఈలోగా మేం నేల అంతస్తులో ఒక అద్దె గది చూశాం. అప్పుడు మరాఠీ మావశి ఒకావిడ లేచి, "2006 మరిచిపోయారా?" అంది. ఆ ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు తాపీ పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. పైన నిప్పు భయం, కింద నీళ్ల భయం. కింద గదే తీసుకుని, కరెంటు మీటరు, పుస్తకాల బీరువా, రిజిస్టర్లు మనిషి తలకన్న ఎత్తులో పెట్టుకోవాలని తీర్మానించాం. నీళ్లు వచ్చే ముందు కొంత సమయమైనా ఇస్తాయి.

ఇదంతా చిన్న సంగతి. అసలు గొడవ డబ్బు దగ్గర.

కట్టడానికి డబ్బు అడిగితే మనవాళ్లు ఇస్తారు. ఇటుకకు ఇస్తారు, సిమెంటు బస్తాకు ఇస్తారు, విగ్రహానికైతే పోటీపడి ఇస్తారు, ఎందుకంటే శిలాఫలకం మీద పేరుంటుంది. కరెంటు బిల్లుకు ఎవరూ ఇవ్వరు. ట్యూషను చెప్పే అమ్మాయి జీతానికి, మరుగుదొడ్డి కడిగే మనిషికి, పేపరుకు, ఫ్యాను రిపేరుకు ఫలకం లేదు. ప్రారంభోత్సవం రోజు నిండుగా ఉండి, రెండో ఏడాదికి తాళం పడి, మూడో ఏడాదికి పెళ్లిళ్ల సామాను పెట్టుకునే గదిగా మారిన భవనాలు ప్రతి బస్తీలో ఉన్నాయి. మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది.

మన పూర్వులకు ఈ సంగతి తెలుసు. నాసిక్ త్రిరశ్మి లేణీల్లో పదో నంబరు గుహలో సుమారు 1900 ఏళ్ల కిందటి శాసనం ఉంది. క్షత్రప రాజు నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు ఆ విహారం చెక్కించి ఊరుకోలేదు, దాన్ని నడపడానికి 3,000 కాహాపణాల అక్షయనీవి ఏర్పాటు చేశాడు. ఆ డబ్బు ఎక్కడ పెట్టాడో చూడండి: గోవర్ధనంలోని సాలెల శ్రేణుల దగ్గర! 2,000 ఒక శ్రేణికి, నెలకు నూటికి ఒకటి వడ్డీ. 1,000 ఇంకో శ్రేణికి, నూటికి ముప్పావు. అసలు తిరిగి ఇవ్వనక్కర్లేదు, వడ్డీ మాత్రమే వాడాలి. మొదటి మొత్తం మీద ఏడాదికి 240 కాహాపణాలు వస్తాయి. వానాకాలం అక్కడ ఉండే ఇరవైమంది భిక్షువులకు చీవరాల కోసం తలా 12. ఇరవై పన్నెండ్లు 240. పైసా తేడా లేదు. మగ్గాలవాళ్లే బ్యాంకు, మగ్గాల మీద వచ్చిన వడ్డీతోనే చీవరాలు. అదే గుహలోని మరో శాసనంలో ఉషవదాతుడు మన తాపీ నది మీద కూడా ఉచిత పడవలు నడిపించినట్టు ఉంది. బ్రాహ్మణులకూ బోలెడు దానాలు చేశాడు, అది వేరే కథ.

ఈ లెక్క కమిటీలో బోర్డు మీద వేసి చూపించాను. మా కేంద్రానికి గది అద్దె, కరెంటు, సాయంత్రం చెప్పే ఇద్దరికి ఇచ్చేది, శుభ్రత, పేపర్లు కలిపి నెలకు ఇరవై వేలు అనుకున్నాం. ఏడాదికి 2,40,000. నూటికి నెలకు రూపాయి వడ్డీ ఈరోజు ఏ బ్యాంకూ ఇవ్వదు. ఏడాదికి 7 శాతం అనుకున్నా, అసలు ముట్టకుండా ఆ ఖర్చు వెళ్లాలంటే 34 లక్షల పైన జమ ఉండాలి. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "అంత మన వల్ల ఏమైతది?" అని ఒకరు లేవబోయారు.

రాజు అల్లుడి పద్ధతి మనది కాదు, సరే. అమరావతి స్తూపం దగ్గర దొరికిన ఒక పలక మాటేమిటి? దాని మీద పూర్ణఘటం చెక్కి ఉంది. దాత పేరు విధికుడు, వృత్తి చర్మకారుడు. తల్లి, భార్య, తోబుట్టువులు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులు అందరితో కలిసి ఇచ్చానని రాయించుకున్నాడు. మహాస్తూపాన్ని ఒక్క శాతవాహన రాజు కట్టాడని బడిలో చదువుకున్నాం కానీ, అక్కడి శాసనాలు చదివితే భిక్షుణులు, గృహిణులు, వర్తకులు, మన విధికుడు కనిపిస్తారు. తోలు పని చేసే మనిషి ఇల్లంతా కలిసి ఒక పలక ఇచ్చుకున్నారు. అట్లాంటి పలకలు కలిస్తేనే స్తూపం.

కాబట్టి నెలకు యాభై రూపాయలు. 200 ఇళ్లు ఇస్తే పది వేలు, అంటే సగం ఖర్చు. మిగతా సగం మొదటి రెండేళ్లు దాతల దగ్గర తెచ్చుకోవాలి. అందులో మిగిలింది అక్షయనీవికి చేర్చాలి, దాన్ని ఐదేళ్లు ముట్టకూడదు. ఇప్పటికి 63 ఇళ్లు పేర్లు రాయించాయి. జీతాలు వచ్చే వారం చూసుకుని ఇద్దరు ఆడవాళ్లు పుస్తకం పట్టుకుని తిరుగుతున్నారు. మగవాళ్లు తిరిగితే "వచ్చే నెల చూద్దాం భాయ్" అంటున్నారు, మావశి తిరిగితే ఇస్తున్నారు. ఒడియా మెస్సు గదిలో ఉండే కార్మికులు పద్నాలుగుమంది కలిసి ఒక ఇల్లుగా రాయించుకున్నారు. వాళ్లలో బౌద్ధులు లేరు. రాత్రి షిఫ్టు దిగాక పొద్దున రెండు గంటలు గదిలో పేపరు చదువుకోనిస్తారా అని మాత్రం అడిగారు. ఇస్తాం.

బయటి డబ్బు మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి మీటింగులో ఎవరో ఒకరు "విదేశాల నుంచి తెద్దాం" అంటారు. దానికి చరిత్ర ఉంది. 1980లో ఇంగ్లండులో కొందరు బౌద్ధులు ఎయిడ్ ఫర్ ఇండియా పేరుతో ఇంటింటికీ తిరిగి, తలుపు తట్టి, నెలనెలా ఇచ్చే దాతలను కూడగట్టారు. అదే తర్వాత కరుణా ట్రస్టు అయింది. మహారాష్ట్రలో మన పిల్లల హాస్టళ్లు ఎన్నో ఆ డబ్బుతో నడిచాయి. వాళ్లు చేసిందీ మావశి చేస్తున్న పనే, భాష వేరు. ఈరోజు కొత్త సంఘానికి ఆ దారి అంత తేలిక కాదు. విదేశీ విరాళాల చట్టం నిబంధనలు 2020లో బిగించాక, మూడేళ్లు నడిచి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు పెట్టి చూపిన సంస్థకే మామూలు రిజిస్ట్రేషన్. కంపెనీల సామాజిక బాధ్యత నిధులకూ 12ఏ, 80జీ, సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. 80జీ వచ్చాక కూడా 2,000కు మించిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు, చెక్కో యూపీఐయో కావాలి. అంటే ముందు మన యాభై రూపాయలతో కొన్నేళ్లు నిలబడి, లెక్కలు ఆడిట్ చేయించుకుంటేనే పెద్ద డబ్బు తలుపు తెరుచుకుంటుంది.

లెక్కలకన్నా నన్ను భయపెట్టేది యాజమాన్యం. ముంబై దాదర్‌లో అంబేడ్కర్ భవన్‌ను 2016 జూన్ 25 తెల్లవారుజామున కూల్చేశారు. బాబాసాహెబ్ పత్రికలు అచ్చయిన బుద్ధభూషణ్ ప్రెస్సు కూడా పోయింది. పాతబడిందని, కొత్తగా 17 అంతస్తులు కడతామని ట్రస్టు వాదన. మాకు తెలియకుండా ఎట్లా కూలుస్తారని జనం వాదన. వేలమంది రోడ్డెక్కారు. పదిమంది చందాతో లేచిన చోటు చివరికి కాగితం మీద ఎవరిదన్న ప్రశ్న అంత పెద్దవాళ్ల మధ్యే తెగకపోతే మనమెంత? అందుకే మేం గుజరాత్ పబ్లిక్ ట్రస్ట్స్ చట్టం కింద నమోదు చేసుకుంటున్నాం. ఆ చట్టం ప్రకారం ట్రస్టు భవనం అమ్మాలన్నా, మూడేళ్లకు మించి లీజుకివ్వాలన్నా ఛారిటీ కమిషనర్ అనుమతి తప్పదు. డీడులో ఇంకో రెండు మాటలు రాయించాం: ఒకే ఇంటి నుంచి ఇద్దరు ట్రస్టీలు ఉండకూడదు, ట్రస్టీల్లో మూడో వంతు ముప్పై ఏళ్ల లోపువాళ్లు, అందులో ఆడపిల్లలు ఉండాలి. రెండో మాటకు పెద్దవాళ్లు ఇంకా గొణుగుతున్నారు.

లోపల ఏముండాలన్న దాని మీద కూడా వాదన నడిచింది. విహారం అనాలా, యువ కేంద్రం అనాలా? వందన, ధ్యానం ముందా, ట్యూషను, క్యారమ్స్ ముందా? బాబాసాహెబ్ 1924లో బహిష్కృత హితకారిణీ సభ పెట్టినప్పుడు ఆ సభ సోలాపూర్‌లో హాస్టలు నడిపింది, ముంబైలో ఉచిత పఠన మందిరం నడిపింది, మహర్ హాకీ క్లబ్బూ నడిపింది. కుర్రాళ్లు తాగుడు, జూదం వైపు పోకుండా హాకీ! మన భాగ్యరెడ్డి వర్మ కూడా 1906లో జగన్మిత్ర మండలితో మొదలుపెట్టి, చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ దాకా వచ్చాడు. బుద్ధ జయంతి జరిపింది ఆ మనిషే, బడులు పెట్టిందీ ఆ మనిషే. ఈ రెండు ఉదాహరణలూ చెప్పాక ఆదివారం పొద్దున వందనకు, మిగతా రోజులు చదువుకు, ఆటకు అని తేలింది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు ఆడపిల్లలకే. మరుగుదొడ్డికి లోపలి గడియ, దీపం ముందు వేయించాలని వాళ్లే అడిగారు. క్యారమ్ బోర్డు కన్నా ముందు అదే కొంటున్నాం.

గది అడ్వాన్సు కట్టేశాం. ట్రస్టు కాగితాలు లోపలికి వెళ్లాయి. దాత వేయిస్తానన్న ఇనుప మెట్ల లెక్క ఇంకా రాలేదు. రాత్రి షిఫ్టు దిగే ఒడియా తమ్ముళ్లకు గది తాళం ఒకటి ఇవ్వాలా, పొద్దున ఏడింటికి మనలో ఒకరు వెళ్లి తెరవాలా అన్నది వచ్చే ఆదివారం తేలాలి. తెరుస్తామని ఇప్పటికి ఇద్దరు పేర్లిచ్చారు, వారానికి ఏడుగురు కావాలి.