ఒకరు వడ్డిస్తే

ఆడవాళ్లకి హోటలంటే ఇష్టం అని చెబితే మగవాళ్లు నవ్వుతారు. "ఇంట్లో చెయ్యడానికి బద్ధకం, అంతే" అని ఒక మాట పడేస్తారు. బద్ధకమే అనుకోండి. రోజుకి రెండు పూటలు వంట, నడుమ కాఫీలూ టిఫిన్లూ, వచ్చేపోయే చుట్టాలూ. ఈ లెక్కన నలభయ్యేళ్లు పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి ఒక్క పూట బద్ధకించే హక్కు కూడా లేదా? కానీ అసలు సంగతి అది కాదు. ఇల్లాలు తినేది ఎప్పుడూ చల్లారిన అన్నమే. అందరూ తిని లేచాక, కూరగిన్నె అడుగున ఏం మిగిలిందో చూసుకుని, సగం కూర్చుని సగం నిలబడి కానిచ్చేస్తుంది. హోటల్లో మాత్రం ఆమె పూర్తిగా కూర్చుంటుంది. ఎవరో వచ్చి వేడివేడిగా ముందు పెట్టి, "ఇంకేం కావాలి?" అని అడుగుతారు. నామటుకు నాకు హోటలంటే ఆ ప్రశ్నే.

అందుకే ఎక్కడ ఏ పాత హోటలు మూతబడిందని విన్నా నాకు మనసు అదోలా అయిపోతుంది. పత్రికల్లో మగవాళ్లు దాని మీద చక్కటి జ్ఞాపకాలు రాస్తారు. ఒక్క టీతో మూడు గంటలు కూర్చున్నామనీ, అక్కడే కవిత్వం పుట్టిందనీ, అక్కడే రాజకీయాలు తేలాయనీ. నిజమే కాబోలు. ఆ మూడు గంటలూ వాళ్లింట్లో ఎవరు వండుతున్నారో మాత్రం ఎవరూ రాయరు.

మాది మహానంది. నంద్యాల దగ్గర, నల్లమల కొండల పాదాల కింద. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. రాయలసీమ అనగానే ఎండిన చెరువులూ, బిందెల వరసలూ గుర్తొస్తాయి కదా! మా ఊళ్లో అలా కాదు. గుడి కోనేట్లో నీళ్లు నడివేసవిలో కూడా అడుగున వేసిన గుండుసూది కనబడేంత తేటగా ఉంటాయి. ఆ ఊటే బయటికి పారి అరటితోటలకి అందుతుంది. ఎండు నేల నడుమ మా ఊరొక పచ్చటి ద్వీపం. అలాంటి ద్వీపం నుంచి 2003లో నన్ను నిజమైన ద్వీపానికి కాపురానికి పంపారు. బొంబాయికి. ఏడు ద్వీపాల నడుమ సముద్రాన్ని పూడ్చి కట్టిన ఊరది. మాహిం, సయాన్ మొదలు కొలాబా దాకా ఉన్న పాత భాగాన్ని ఇప్పటికీ 'ఐలాండ్ సిటీ' అనే అంటారు. 1995లోనే ముంబయి అని పేరు మార్చారు గానీ, మా ఇంట్లో ఇంకా బొంబాయే.

కాపురానికి వెళ్లిన కొత్తలో మావారు ధోబీ తలావ్‌లో కయానీ అనే ఇరానీ హోటలుకి తీసుకువెళ్లారు. 1904 నాటిది. ఎత్తయిన కప్పు, పాలరాతి బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గోడలకి నిలువుటద్దాలు, గాజు జాడీల నిండా బిస్కట్లు. ఇది చెయ్యరాదు, అది చెయ్యరాదు అని బోర్డులు రాసి పెట్టడం ఈ ఇరానీ హోటళ్ల అలవాటు. వాటి మీద నిసిమ్ ఎజెకియెల్ ఇంగ్లీషులో ఒక పద్యమే రాశాడు. కయానీకి ఎదురుగా బస్తానీ అని ఇంకో ఇరానీ హోటలుండేది. అది 2004లో మూసేశారు. నేను ఒకే ఒక్కసారి వెళ్లగలిగాను.

ఈ ఇరానీలు ఎక్కువమంది యజ్ద్ ప్రాంతం నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన జొరాస్ట్రియన్లు. వీధి మూల దుకాణం మంచిది కాదని మనవాళ్లు వదిలేస్తే ఆ మూలలన్నీ వాళ్లు తీసుకున్నారని చెబుతారు. మూల అంటే రెండు వైపులా వాకిలి, రెండు వైపులా గాలి, రెండు వీధుల బేరం! మన వాస్తు భయం వాళ్లకి అన్నం పెట్టిందన్నమాట.

నాలుగు నెలలకి ధైర్యం చేసి ఒంటరిగా వెళ్లాను. టీ, బ్రూన్ మస్కా చెప్పాను. గట్టి పెంకు రొట్టెకి వెన్న దట్టంగా రాసి ఇస్తారు, టీలో ముంచుకుని తినాలి. గల్లాపెట్టె దగ్గర ముసలాయన తలెత్తి కూడా చూడలేదు. ఆ చూడకపోవడంలో ఎంత సుఖముందో మీకెలా చెప్పను? అప్పట్లో మా వైపు ఆడది ఒక్కతే హోటల్లో కూర్చుంటే ఆ కబురు ఆమె కన్నా ముందు ఇల్లు చేరేది. ఇక్కడేమో పిల్లల్ని బడిలో దింపి వచ్చిన తల్లులు, ఆఫీసు ఆడవాళ్లు, చేతిసంచీలో కూరగాయలున్న పెద్దావిడలు, ఎవరి బల్ల దగ్గర వాళ్లు. కొన్ని హోటళ్లలో ఆడవాళ్లకీ, కుటుంబాలకీ వేరే గదులూ ఉండేవి. నేను హాల్లోనే కూర్చున్నాను. నా మొదటి కథ చిత్తుప్రతి ఆ పాలరాతి బల్ల మీదే రాసుకున్నాను.

ఇలాంటి హోటళ్లు ఒకప్పుడు వందల్లో ఉండేవట. ఇప్పుడు కొన్ని పదులు మిగిలాయి. తినేవాళ్లు లేకనా అంటే, కాదు. చాలా దుకాణాలు 'పగ్డీ' పద్ధతివి. మొదట పెద్ద మొత్తం ఇచ్చి చేరితే, తరతరాలుగా నామమాత్రపు అద్దె. ఆ అద్దె మీదే చవక టీ నిలబడింది. మరి ఆ అద్దెతో ఇల్లుగలాయన మరమ్మతులేం చేయిస్తాడు? భవనం పాతబడుతుంది. పక్కన ఆకాశానికి ధర పెరుగుతుంది. హోటలుకి నలుగురు భాగస్వాములుంటే వాళ్ల పిల్లలు పదహారు మంది, సగం మంది విదేశాల్లో. అమ్మేస్తే ఒక్కొక్కరికి వచ్చేది వందేళ్లు టీ కాచినా రాదు. ఎవర్ని తప్పుపడతాం చెప్పండి? తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి కలిపే ఉద్యోగం మన పిల్లలకైతే ఇప్పిస్తామా?

బలార్డ్ ఎస్టేట్‌లో బ్రిటానియా అని 1923 నాటి హోటలు. దాని యజమాని బోమన్ కోహినూర్ తొంభయ్యేళ్లు దాటాక కూడా బల్ల బల్లకీ వచ్చి, ఏం కావాలో కనుక్కుని తనే రాసుకునేవాడు. 2019లో, 97వ ఏట పోయాడు.

మా అమ్మ ఒక ఏడాది బొంబాయి వచ్చింది. బయట తిండి ముట్టని మనిషి. మాటుంగా స్టేషను పక్కన మేడ మీద రామ నాయక్ ఉడిపి భోజనశాల ఉంది, 1942 నుంచి నడుస్తోంది. అరిటాకులో పెడతారని చెప్పి ఎలాగో లాక్కెళ్లాను. ఆకు పరచగానే అమ్మ దాన్ని వేలితో తడిమి, "మన తోటల ఆకంత వెడల్పు లేదే" అంది. సరే, మహానంది వాళ్ల ముందు అరిటాకు పెడితే ఆ మాట తప్పదు! అన్నం పొగలు కక్కుతూ వచ్చింది. వడ్డించే కుర్రాడు సాంబారు గరిటె పట్టుకుని ఆగాడు. అమ్మ అలవాటుగా లేవబోయింది. ఎవరికో ఏదో తక్కువైందేమో అందించాలన్నట్టు. నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. కుర్రాడు మళ్లీ వచ్చాడు, మళ్లీ వచ్చాడు. చివరికి మజ్జిగన్నం తింటూ అమ్మ తల వంచుకునే అంది: "ఇంత వేడి అన్నం నేను పెళ్లికి ముందు తిన్నానే." నాకు ముద్ద దిగలేదు. ఆ హోటలు ఇప్పటికీ ఉంది. మాటుంగా వైపు వెళ్లే చుట్టాలందరికీ మరీ మరీ చెప్పి పంపిస్తాను.

ఇదంతా హాయిగా కూర్చుని తినేవాళ్ల కథ. పెట్టేవాళ్ల కథ వర్లీలో విన్నాను.

మా చీరలకి ఫాల్సు కుట్టే ఆమె పద్మశాలి, కరీంనగర్ వైపు మనిషి. బట్టల మిల్లుల నేతఖాతాల్లో మనవాళ్లు వేలమంది పనిచేశారు. అసలు బొంబాయికి తెలుగువాళ్లు కొత్తేం కాదు. కామాటిపుర పేరే మన కామాటీలది, ఆ ఊరి రోడ్లూ భవనాలూ కట్టిన కూలీలది. తర్వాత ఆ పేరుకి ఏ గతి పట్టిందో మీకు తెలుసు. వర్లీలో ఆమె కాపురం 1920లలో కట్టిన బి.డి.డి. చాలులో, ఒక్క గది. ఆ ఒక్క గదిలోనే వాళ్ల అత్తగారు ఖానావళి నడిపింది. "మా అత్త పదిహేను మందికి వండేది అక్కా. పొద్దటి పాళీకి కొందరు, రాత్రి పాళీకి కొందరు" అని చెప్పింది. పాళీ అంటే షిఫ్టు. ఊళ్లో భార్యాబిడ్డల్ని వదిలి వచ్చిన మిల్లు కార్మికులకి నెలవారీ లెక్కన ఇళ్లల్లో ఆడవాళ్లే వండిపెట్టేవారు. సరుకులు అరువు, వడ్డీ నడ్డి విరిచేది. 1975లో ప్రేమా పురవ్ అనే ఆవిడ అలాంటివాళ్లని కూడగట్టి అన్నపూర్ణా మహిళా మండలి పెట్టింది. వడ్డీవ్యాపారి గుమ్మం వదిలి బ్యాంకు గుమ్మం ఎక్కించింది.

మనవాళ్లకి పూటకూళ్లమ్మ అంటే 'కన్యాశుల్కం' గుర్తుకొస్తుంది, మూతి మీద ఒక నవ్వు వస్తుంది. డబ్బు తీసుకుని అన్నం పెట్టే మగవాడేమో హోటలు ప్రొప్రయిటరు, నమస్కారం పెడతాం. ఆ పనే ఆడది చేస్తే పూటకూళ్లది! మన భాష కూడా వడ్డించేచోట పంక్తిభేదం చూపిస్తుంది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షలమంది. సమ్మె తెగలేదు, మిల్లులు ఒక్కొక్కటే తెగిపోయాయి. కార్మికులు ఊళ్లకి వెళ్లిపోయారు. తిన్నవాళ్లు ఎగ్గొట్టాలని కాదు, ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏముంది కనక! అత్తగారు ఆ బాకీల పుస్తకం చనిపోయేదాకా ట్రంకు పెట్టెలో దాచుకుందట. ఖానావళి మూతబడితే పేపర్లో రాయడానికి బోర్డు లేదు, మూయడానికి తలుపు లేదు. ఒకరోజు పెద్ద గుండిగ పొయ్యి మీద పెట్టలేదు, అంతే.

లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు పెద్ద బజారు. నేనూ వెళ్లాను, అబద్ధమెందుకు, చల్లగా హాయిగానే ఉంది. తిండి అమ్మేచోట డబ్బు కట్టి, పిలిచినప్పుడు మనమే వెళ్లి ట్రే మోసుకు రావాలి. చుట్టూ చూశాను. మూడు వంతుల బల్లల దగ్గర మొగుడూ పిల్లలూ కూర్చున్నారు, ట్రే మోస్తున్నది తల్లి! ఇప్పుడైతే ఫోను నొక్కితే భోజనం ఇంటికే వస్తోంది. మంచిదే. డబ్బాలు విప్పి గిన్నెల్లోకి తీసేదెవరు, వడ్డించేదెవరు, గిన్నెలు కడిగేదెవరు? వంట తప్పింది గానీ వడ్డన తప్పలేదు.

అలాగని పాతదంతా పోకూడదని నేననను. వర్లీ చాలుల్ని పడగొట్టి అంతస్తులు కడుతున్నారు. 2025 ఆగస్టులో మొదటి విడత తాళాలు ఇచ్చారు. మా ఫాల్సు ఆమెకి ఇంకా రాలేదు. నూటఅరవై అడుగుల గదికి బదులు అయిదువందల చదరపు అడుగుల ఇల్లు. ఫోను చేసి, "వంటిల్లు వేరే ఉంటదట అక్కా" అంది. ఆ గొంతులో సంతోషం విన్నాక చాలు కూలిపోయిందని కన్నీళ్లు కార్చడానికి నాకు నోరు రాలేదు.

2018లో మేం నంద్యాల వచ్చేశాం. మహానంది అరగంట దారి. వెనకటి రోజుల్లో యాత్రికులు గాజులపల్లె స్టేషన్లో రైలు దిగి వచ్చి, సత్రంలో ఒక రాత్రయినా పడుకునేవారు. ఇప్పుడు కారులో వస్తారు, కోనేట్లో మునిగి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి అహోబిలమో యాగంటో బయల్దేరతారు. రాత్రి ఉండేవాళ్లు తగ్గితే పొద్దున టిఫిను తినేవాళ్లూ తగ్గుతారు కదా.

దారి పక్కన రేకుల కింద ఒక అక్క ఉగ్గాని, ఎర్రకారం దోసె, గుంతపొంగణాలు వేసేది. నా చిన్నప్పటి నుంచీ ఉంది. కారం చూస్తేనే కళ్లు మండేవి, తింటే ఆపలేం. పెనం ముందు నుంచి లేవకుండానే, "ఇంగో రెండు పొంగణాలు ఎయ్యాల్నా మ్మా?" అని అడిగేది. ముఖ్యంగా ఆడవాళ్లనే అడిగేది. మగవాళ్లని అడగక్కర్లేదు, వాళ్లే అరుస్తారు. ఆ స్థలం వాళ్లు లాడ్జి గదులు వేసుకున్నారు. ఆమెకీ మోకాళ్లు సహకరించలేదు. కొడుకు బెంగుళూరులో, "ఇంకెందుకులే మ్మా, కూకో" అన్నాడట. కూర్చుంది. కానీ ఇంట్లో కూర్చున్న మనిషికి ఎవరు వడ్డిస్తారు? కోడలు అక్కడ, ఈమె ఇక్కడ.

మొన్న శివరాత్రి వెళ్లాక ఆమెని మా ఇంటికి తీసుకొచ్చాను. వంటింట్లోకి రాబోతే ముందుగదిలోనే పీట వేశాను. బొరుగులు తడిపి పిండి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయలూ వేసి తాళింపు పెట్టి, పైన పప్పులపొడి చల్లి, పొగలు పోకముందే పళ్లెం ఆమె ముందు పెట్టాను. రెండు ముద్దలు తింది. ఏమంటుందో అని పరీక్ష రాసిన పిల్లలా నిలబడ్డాను. ఆమె పళ్లెం చుట్టూ ఓసారి వెతికి, నా మొహంలోకి చూసింది.

"బజ్జీ ఏది మ్మా? ఉగ్గానికి మిరక్కాయ బజ్జీ లేకుంటే ఎట్ల?"

లోపలికి వెళ్లి బాణలి పెట్టాను.