అమ్మ చేతికి ఒక్క రిమోటు

తోడికోడళ్లు ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి పొయ్యి వారిదే అన్నట్టుగా ఉంటున్నాయి ఈ రోజుల్లో టీవీ బల్ల మీద రిమోట్లు. టీవీది ఒకటి, సెట్‌టాప్ బాక్సుది ఒకటి, స్పీకర్ల పెట్టెది ఒకటి, డిస్కుల మిషనుది మరొకటి. అన్నీ నల్లగా, పొడుగ్గా, చూడ్డానికి ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి గాని ఒకదాని పని ఇంకొకటి చచ్చినా చెయ్యదు. పైగా ఒక్కోదాని మీద నలభై మీటలు. అందులో మనకి కావలసినవి ఆరో ఏడో. మిగిలినవన్నీ పొరపాటున నొక్కడానికే పెట్టారని నా గట్టి అనుమానం.

రిమోటు లేని రోజుల్లో ఈ బాధ లేదు. హైదరాబాదులో దూరదర్శన్ 1977లో మొదలైనా మా పల్లెలకు బొమ్మ రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. వచ్చాక రిమోటు ఉద్యోగం ఇంట్లో పిల్లలది. "గొంతు పెంచవే" అంటే నేను లేచి పెంచేదాన్ని. మా తమ్ముడికి డాబా మీద డ్యూటీ, యాంటెన్నా తిప్పడం. "వచ్చిందా?" అని పైనుంచి వాడు, "వచ్చింది... అయ్యో, పోయింది, ఇంకాస్త చీరాల వైపు తిప్పు" అని కిందనుంచి మేము.

అమెరికాలో మాత్రం 1950లోనే జెనిత్ కంపెనీ వాళ్లు తీగతో టీవీకి కట్టిన మీటల డబ్బా ఒకటి అమ్మారు. దాని పేరు "లేజీ బోన్స్", అంటే సోమరిపోతు అని! 1955లో అదే కంపెనీలో యూజీన్ పాలీ అనే ఇంజనీరు తీగ లేకుండా టార్చిలైటులాంటిది చేశాడు గాని, కిటికీలోంచి ఎండ పడినా టీవీ తనంతట తాను ఛానెల్ మార్చేసేదట. మా గుంటూరు ఎండల్లో అయితే దానికి పిచ్చెక్కి ఉండేది. మరుసటేడు రాబర్ట్ ఆడ్లర్ అనే ఆయన, మీట నొక్కితే చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేలా చేశాడు. ఆ మోత మనకి వినపడదు, టీవీకి వినపడుతుంది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఆ తర్వాత వచ్చింది. ఇన్ని రిమోట్ల పనీ ఒక్కదానితో చేయించాలని ఆపిల్ కంప్యూటర్ సృష్టికర్తల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ 1987లో "కోర్" అనే రిమోటు తెచ్చాడు. మిగతా రిమోట్ల దగ్గర పాఠం నేర్చుకుని వాటి మాట మాట్లాడగలదది. అలాంటిదొకటి మా ఇంటికి ఎందుకు కావలసి వచ్చిందో చెబుతాను.

చిలకలూరిపేటకూ పర్చూరుకూ మధ్య నల్లరేగడి ఊరు మాది. నాన్న పోయాక అమ్మ పొలం కౌలుకిచ్చి ఒక్కతే ఉంటోంది. మిరపకోతల రోజుల్లో వీధి నిండా కూలీల మాటలూ, ఆటోల చప్పుడూ, కల్లాల్లో ఎండే కాయ ఘాటూ. ఆ కాయ కాస్తా గుంటూరు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో వెళ్లిపోయాక, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. ఒక ప్రవచనం, ఒక సీరియలు, వార్తల్లో మిర్చి ధర. పొలం కౌలుకిచ్చినా సరే, తేజా రకం క్వింటాలు ఎంత పలికిందో తెలియందే అమ్మకి అన్నం సయించదు.

కిందటేడు సంక్రాంతికి మా తమ్ముడు డల్లాస్ నుంచి వచ్చాడు. అమ్మ పాత టీవీలో గీర గొంతు వింటోందని జాలిపడి, గుంటూరు వెళ్లి గోడంత టీవీ, ఐదు స్పీకర్లు, వాటికొక బరువైన యాంప్లిఫయరు తెచ్చి బిగించాడు. ఒక సినిమా పెడితే గుర్రాలు కుడిపక్క నుంచి వచ్చి మన వీపు వెనకగా ఎడమపక్కకి పోయాయి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మహా బాగుంది. వీధి వీధంతా వచ్చి చూశారు. "ముందు ఇది నొక్కు, తర్వాత అది, ఇన్‌పుట్ దీంతో మార్చు, గొంతు మాత్రం దాంతో పెంచు" అని అమ్మకి రెండుసార్లు చెప్పి, కాగితం మీద రాసి గోడకి అంటించి, వాడు విమానం ఎక్కాడు.

పది రోజులకి బొమ్మ ఉంది, మాట లేదు. ఇంకోరోజు మాట ఉంది, బొమ్మకి బదులు నీలం తెర. పక్కింటి ఇంటర్ కుర్రాణ్ణి పిలిచేది. పాపం, మంచివాడే, పిలిచినప్పుడల్లా వచ్చేవాడు. కాని రోజూ ఒకర్ని పిలవాలంటే మొహమాటం ఉండదూ?

ఉగాదికి నేను వెళ్లేసరికి టీవీ మీద దుప్పటి కప్పి ఉంది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"దాంట్లో ఏముందే చూడ్డానికి! ఈ వయసులో రామా కృష్ణా అనుకోవాలి గాని" అంది.

కల్లంలో కాటా పక్కన నిలబడి, పావుకిలో తేడా వచ్చినా ఒప్పుకోని మనిషి నోట ఈ వైరాగ్యం నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం వార్తల వేళకి కరివేపాకు చెట్టుకి నీళ్లు పోస్తానంటూ పెరట్లోకి వెళ్లింది. చెట్టు పక్కింటి గోడని ఆనుకుని ఉంటుంది. అవతల వాళ్ల టీవీ మోగుతోంది. చెంబులో నీళ్లు అయిపోయినా అమ్మ అక్కడే నిలబడి ఉంది.

మర్నాడే గుంటూరు బస్సెక్కాను. అన్నిటికీ పనికొచ్చే యూనివర్సల్ రిమోటు వెయ్యి రూపాయలలోపే దొరికింది.

దాంతో వచ్చిన పుస్తకం చూస్తే భయమేసింది గాని అసలు సంగతి సులువే. రిమోటు ముక్కులో ఒక బుల్లి దీపం ఉంటుంది. ఆ వెలుగు మన కంటికి ఆనదు. సెల్‌ఫోను కెమేరాకి ఎదురుగా పెట్టి మీట నొక్కితే ఊదారంగులో మిణుకుమంటుంది. (రిమోటు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మంచి కిటుకు.) సెకనుకి దాదాపు 38,000 సార్లు కొట్టుకునే ఆ వెలుగుని మధ్యమధ్య ఆపుతూ, ఆ విరామాల పొడుగు పొట్టిలతో మాట చెబుతుంది. చాలా కంపెనీలు వాడే పద్ధతిలో ముందు ఏ పెట్టెకో దాని గుర్తు, తర్వాత చెయ్యవలసిన పని. అచ్చం మన తెలుగువాళ్లలాగే, ముందు ఇంటిపేరు, ఆ తర్వాతే పేరు! తన ఇంటిపేరు వినపడకపోతే ఆ పెట్టె తల కూడా తిప్పదు. పైగా చెప్పిన ప్రతిదాన్నీ ఇంకోసారి తిరగేసి చెబుతుంది. రెండూ పొసగకపోతే వినేది లెక్కలోకి తీసుకోదు. ఈ ముక్క చెబితే అమ్మ, "మరి, కాటా అట్టాగే చూడాలి" అంది.

టీవీకీ బాక్సుకీ అంకెలతో పని జరిగింది. సెటప్ మీట నొక్కి పట్టుకుని, దీపం వెలిగాక, పుస్తకంలో ఆ కంపెనీకి ఎదురుగా ఉన్న నాలుగంకెలు కొట్టాలి. ఒక్కో కంపెనీకి పదేసి ఉంటాయి; పెళ్లి సంబంధాలు చూసినట్టు చూసుకుంటూ పోవాలి. ఆన్ అయ్యి ఛానెల్ మారకపోతే ఆ సంబంధం వద్దు, ఇంకోటి. యాంప్లిఫయరు పేరు మాత్రం జాబితాలో లేదు. దానికి అక్షరాభ్యాసమే. పాత రిమోటునీ కొత్తదాన్నీ ముక్కూ ముక్కూ ఎదురుగా, రెండంగుళాల ఎడంలో పడుకోబెట్టి, కొత్తదాన్ని వినే స్థితిలో పెట్టి, పాతదాని మీట నొక్కాలి. దీపం రెండుసార్లు మిటకరిస్తే పాఠం వచ్చినట్టు.

కష్టమంతా "అన్నీ ఒకేసారి లేపే" మీట దగ్గర వచ్చింది. టీవీ లేచి కళ్లు నులుముకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ లోపల ఇన్‌పుట్ మార్చమంటే దాని చెవికెక్కదు. అందుకని కొత్త రిమోటుకి మధ్యలో ఆగడం కూడా నేర్పాను. ఆ వరస పూర్తయ్యేదాకా రిమోటు టీవీ వైపే చూపించి ఉంచాలి. అమ్మకి సెకన్ల లెక్క ఎందుకని "పది గోవిందలు" అన్నాను. హారతి పట్టినట్టు పట్టుకుని పదీ లెక్కపెట్టింది. బొమ్మా మాటా కలిసి వచ్చాయి.

రెండు రోజులు దివ్యంగా నడిచింది. మూడోరోజు కరెంటు పోయి వచ్చింది. చాలా పెట్టెలకి లేపే మీటా పడుకోబెట్టే మీటా ఒకటే గదా! కరెంటు రాగానే బాక్సు తనంతట తానే లేచి కూర్చుంది, మిగిలిన రెండూ నిద్రలోనే ఉన్నాయి. అమ్మ మీట నొక్కితే నిద్రపోయేవి లేచాయి, లేచినది పడుకుంది. "నీది కూడా అంతేనా" అన్నట్టు నా వైపు చూసింది. పుస్తకం మళ్లీ తిరగేశాను. కొన్నిటికి లేవమనడానికి ఒక మాట, పడుకోమనడానికి ఇంకో మాట విడివిడిగా ఉంటాయి. టీవీకి జాబితాలో దొరికాయి. యాంప్లిఫయరు పాత రిమోటు మీదే రెండు మీటలున్నాయి. బాక్సుకి దొరకలేదు. సరే, దాన్ని అసలు పడుకోబెట్టడమే మానేశాం. (కొత్త టీవీల్లో తీగలోంచే ఒకదాన్నొకటి లేపుకునే ఏర్పాటు ఉంటుంది, కంపెనీకొక ముద్దుపేరు. ముందు అది చూసుకోండి. మా ఇంట్లో అది ఒకరోజు వింటే రెండ్రోజులు అలిగింది.)

తర్వాత మిగిలిన మీటలన్నిటి మీదా ప్లాస్టరు అంటించేశాను. లేపే మీట మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాను. ఫోనులో చూసి తమ్ముడు గగ్గోలు పెట్టాడు, "సరౌండ్ మీట కూడా మూసేశావేంటక్కా!" అని. ఫోనే రిమోటుగా వాడుకోమని వాడి సలహా. ఎంతో పేరున్న లాజిటెక్ వాళ్ల హార్మొనీ రిమోట్ల తయారీ 2021లోనే ఆగిపోయిందిట కూడా. కావచ్చు. ఫోను అద్దం ఎంత తడిమినా ఏది ఎక్కడుందో వేలికి తెలియదు. మీట అయితే చీకట్లో కూడా తెలుస్తుంది. కొన్నవాడికి కావలసినవి వేరు, ఒంటరిగా కూర్చుని చూసేవాళ్లకి కావలసినవి వేరు. నేను అమ్మ పక్షం.

దసరాకి కత్తిపీటతో పాటు రిమోటుకి కూడా బొట్టు పెట్టింది. పక్కింటి కుర్రాడు ఇప్పటికీ వస్తుంటాడు, క్రికెట్ చూడ్డానికి. వార్తలయ్యేదాకా వాడు కూర్చోవలసిందే.

మొన్న సంక్రాంతికి తమ్ముడొచ్చి పాత రిమోట్ల కోసం ఇల్లంతా వెదికాడు. అమ్మ వాటి బ్యాటరీలు తీసేసి, కవర్లో చుట్టి, బీరువాలో పొలం కాగితాల పక్కన పెట్టింది.

"అమ్మా, ఆ గుర్రాల సినిమా పెడదామే" అన్నాడు.

"ఉండరా, ముందు తేజా ధర చెప్పనీ" అంది, ఒళ్లోంచి రిమోటు తియ్యకుండా.