డిఫాల్టు

2008 సంక్రాంతికి ఊరు వెళ్ళేటప్పుడు, నాన్నగారి కంప్యూటరుకు రక్షణ కల్పించి రావాలన్న సంకల్పంతో బెంగుళూరులో ఒక సీడీ కొనుక్కుని వెళ్ళాను. వైరస్‌లను పట్టుకోవడం, బయటినుంచి వచ్చే చొరబాట్లను ఆపడం, లోపల పేరుకున్న చెత్తను ఊడ్చివేయడం, ఈ మూడు పనులూ చేసే సాఫ్ట్‌వేరు అది. కనుమనాటి మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ భుక్తాయాసంతో కునుకు తీస్తుండగా దాన్ని ఎక్కించాను. చివరలో అది "అనవసరమైన నమోదులు" అంటూ పొడుగాటి జాబితా ఒకటి చూపించింది. చదివే ఓపిక లేక అన్నిటినీ ఎంచి తీసివేయమన్నాను. క్షణంలో ఊడ్చేసింది. నాకెంతో తృప్తి కలిగింది.

బస్సెక్కే ముందు నాన్నగారికి ఒకే ఒక్క నియమం చెప్పాను. "తెలియని పెట్టె ఏది వచ్చి ఏమడిగినా వద్దు అని నొక్కెయ్యండి. అవునని మాత్రం అనకండి." ఆయన తన నోటుపుస్తకంలో ఆ మాట రాసుకుని, కింద గీత కూడా గీశారు.

నాన్నగారు అమలాపురం దగ్గరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా చేసి పదవీ విరమణ పొందారు. తరగతిలో గంటలకొద్దీ మాట్లాడిన మనిషికి టెలిఫోను చేతికిస్తే మాత్రం మాట పెగలదు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఫోను చేస్తే, "బాగున్నావా అమ్మా? అల్లుడు బాగున్నాడా? ఇదిగో, అమ్మకిస్తున్నాను" అనేవారు. అంతే. ఆయన చెప్పదలచుకున్నదంతా ఆదివారం రాసే ఉత్తరంలోనే ఉండేది.

ఆ ఉత్తరం ఒక తంతు. లేఖినిలో తెలుగు టైపు చేయాలి, నోట్‌పాడ్‌లో అతికించాలి, యూటీఎఫ్-8గా భద్రపరచాలి. తరువాత ఆ ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కి, "సెండ్ టు"లో "మెయిల్ రెసిపియెంట్"ని ఎంచాలి. అప్పుడు అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ దానంతటదే ఖాళీ ఉత్తరం తెరిచి ఫైలును జతచేస్తుంది. ఇదంతా నేనే నేర్పాను, ఆయన 7 మెట్లుగా రాసుకున్నారు. ఒకసారి యూటీఎఫ్-8 అన్న మెట్టు మరిచిపోతే ఉత్తరమంతా ప్రశ్నార్థకాలుగా వెళ్ళింది. "నాన్నగారూ, ఈ వారం అన్నీ ప్రశ్నలే వేశారు, జవాబులు ఎలా రాయను?" అని చెల్లెలు రాసింది. ఆ మాట ఆయన ఊళ్ళో అందరికీ చెప్పుకుని మురిసిపోయారు.

ఫిబ్రవరి నెలాఖరున ఒక రాత్రి చెల్లెలు నాకు ఫోను చేసింది. "అన్నయ్యా, నాన్నగారికి నామీద కోపం వచ్చిందా? వేసవికి రాలేమని పండుగ మర్నాడు చెప్పాను. అప్పటినుంచి 5 ఆదివారాలు, ఒక్క ఉత్తరమూ లేదు. ఫోనులో అడిగితే ఏమీ లేదంటారు."

మర్నాడు నేను ఇంటికి ఫోను చేశాను. చాలాసేపు నసిగాక నాన్నగారు అసలు సంగతి చెప్పారు. "ఒరే, అమ్మాయి ఉత్తరాలు వస్తున్నాయి, చదువుతున్నాను. నేను పంపబోతే మాత్రం ఒక పెట్టె వస్తోంది. నావల్ల ఏదో తప్పు జరిగినట్టుంది. అందులో డిఫాల్టు అని ఉంది."

ఆ సందేశాన్ని ఆయన ఒక్కొక్క మాటే చదివి వినిపించారు. డిఫాల్టు మెయిలు ప్రోగ్రాము ఏదీ లేదనీ, లేదా ఉన్నది ఈ పని నెరవేర్చలేకపోతోందనీ దాని సారాంశం. కానీ నాన్నగారికి డిఫాల్టు అన్న మాటతో పరిచయం వేరు. సహకార బ్యాంకు వారు అప్పు తీర్చని వాళ్ళ పేర్లు నోటీసు బోర్డుకు అంటించేటప్పుడు పైన పెద్ద అక్షరాలతో రాసే మాట అది. "ఇన్నేళ్ళలో ఆ మాట మన గుమ్మం తొక్కలేదురా. నువ్వంత ఖర్చుపెట్టి రక్షణ పెట్టించి వెళ్ళావు, నేను చెడగొట్టానని నీకెలా చెప్పను?" అన్నారు. ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది. వెంటనే సిగ్గు వేసింది.

జరిగిందేమిటంటే ఇది. మనం ఫైలును ఉత్తరంగా పంపమన్నప్పుడు, ఆ పని ఎవరికి అప్పగించాలో విండోస్ ముందుగా తన రిజిస్ట్రీలో చూసుకుంటుంది. అక్కడ "క్లయింట్స్" అన్న అరలో "మెయిల్" అన్న చోట ఒక ప్రోగ్రాము పేరు రాసి ఉంటుంది. ఆ పేరే డిఫాల్టు. వేరేగా చెప్పకపోతే ఎవరిని పిలవాలో తెలిపే పేరన్నమాట. నేను కనుమనాడు ఊడ్పించిన చెత్తలో ఆ పేరు కూడా కొట్టుకుపోయింది. ఊళ్ళో పోస్టుమాస్టరు ఉన్నాడు, సంచీ ఉంది, ముద్ర ఉంది, దారి చూపే బోర్డు మాత్రం పడిపోయింది. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌ను నేరుగా తెరిచి చెల్లెలి ఉత్తరానికి జవాబు రాసి ఉంటే చక్కగా వెళ్ళేది. కానీ జవాబు మీట ఒకటుందని నేను ఆయనకు నేర్పనే లేదు.

దీనికి మందు చాలా సులభం. డిఫాల్టు పోయినప్పుడు అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తెరవగానే, "నేను మీ డిఫాల్టు మెయిలు ప్రోగ్రామును కాను, చేసుకుంటారా?" అని తనే అడుగుతుంది.

"నాన్నగారూ, అది తెరిచినప్పుడు మిమ్మల్ని ఏమైనా అడిగిందా?"

"రోజూ అడుగుతోంది. నువ్వు చెప్పినట్టే వద్దు అంటున్నాను."

నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. 5 వారాలుగా ఆ యంత్రం రోజూ తన జబ్బుకు మందు తానే చేతికిస్తూ ఉంటే, నా మాట జవదాటని పెద్దాయన రోజూ దాన్ని తోసిపుచ్చుతూ వచ్చారు.

మళ్ళీ తెరిచి, ఈసారి అవుననమన్నాను. అన్నారు. ఆ వెంటనే మరో పెట్టె వచ్చింది. నేను ఎక్కించిన రక్షణ సాఫ్ట్‌వేరు, ఏదో ప్రోగ్రాము రిజిస్ట్రీని మార్చబోతోంది, అనుమతించాలా అని అడుగుతోంది. అవతల నిశ్శబ్దం. తరువాత, పరీక్ష హాలులో పిల్లవాడిలాగా నెమ్మదిగా, "దీనికీ అవుననమంటావా?" అని అడిగారు. అనండి అన్నాను. ఫైలు మీద కుడి మీట నొక్కారు. ఖాళీ ఉత్తరం తెరుచుకుంది.

ఆ రాత్రి 5 వారాల ఉత్తరాలూ ఒకేసారి వెళ్ళాయి. పంపలేకపోయినా ప్రతి ఆదివారమూ రాసి, తేదీ వేసి దాచారట. వాటిలో రెండవది వేసవి గురించేనని చెల్లెలు తరువాత చెప్పింది. "రాలేనందుకు బాధపడకు, మామిడికాయ ఏటా కాస్తుంది" అని రాశారట. ఆ ఒక్క వాక్యం చేరకపోవడం వల్లే అక్కడ ఆ పిల్ల నెలరోజులు కుమిలిపోయింది.

అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు లేదు. 2007లో విస్టాతో వచ్చిన విండోస్ మెయిల్ దాని స్థానం తీసుకుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆగిపోయింది. విండోస్ 10లో ఉండే మెయిల్ యాప్‌కు కూడా 2024 చివరితో కాలం చెల్లింది. ఇప్పుడు సెట్టింగ్స్‌లో యాప్స్ కింద డిఫాల్ట్ యాప్స్ అన్నచోట మనమే ఎంచుకోవాలి. పేర్లు మారాయి గాని, పెద్దవాళ్ళ యంత్రాలకు తాళాలు బిగించి, ఏమడిగినా వద్దనమని చెప్పి వచ్చేసే మన అలవాటు మారలేదు. ఆ జాగ్రత్త తప్పనను, మోసాలు పెరిగిన ఈ రోజుల్లో అసలే అనను. దానికి ఇంకొక్క మాట చేర్చాలని మాత్రం ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఆ మాట నాన్నగారే చేర్చారు. ఆ నోటుపుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. కింద గీత గీసిన నా నియమం పక్కన, వేరే సిరాతో, ఆయన గుండ్రని అక్షరాలతో ఇలా ఉంది: "వద్దు అన్న తరువాత, ఏమి అడిగిందో అబ్బాయికి ఫోను చేసి చెప్పవలెను. వాడు విసుక్కోడు."