చిత్రంలో గౌను - పెట్టెలో చీర

"బట్టలు చూడ్డానికి ఇంత దూరమా? ఏ బట్టలకొట్టుకో వెడితే సరిపోయేదిగా!" అని మావారు మెట్లెక్కుతూనే విసుక్కున్నారు.

2013 ఏప్రిల్‌లో అమ్మాయి కాపురం చూద్దామని న్యూజెర్సీ వెళ్ళాము. ఒక శనివారంనాడు అమ్మాయి మమ్మల్ని రైల్లో న్యూయార్కు తీసుకుపోయి, మెట్రోపాలిటన్ మ్యూజియం ముందు నిలబెట్టింది. పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో మొదలై, ఇక్కడ మే దాకా వుండి, తరువాత షికాగో వెళ్ళిన ప్రదర్శన అది. ఇంప్రెషనిస్టు చిత్రకారుల బొమ్మలూ, ఆ కాలపు పారిస్ స్త్రీలు తొడిగిన అసలు దుస్తులూ పక్కపక్కనే పెట్టారు.

ఇంప్రెషనిస్టులంటే, ఎండా నీడా క్షణక్షణానికీ మారే తీరును ఉన్నదున్నట్టు పట్టి చూపాలని పంతం పట్టిన ఫ్రెంచి చిత్రకారులు. పురాణ కథలను పక్కనపెట్టి, తమ వీధుల్లో తిరిగే మనుషులనే బొమ్మ కట్టారు. నేటి మనిషిని చిత్రించాలంటే నేటి బట్టనే చిత్రించాలి గదా! అందుకే 1860ల నుంచి 1880ల దాకా మారిన మోస్తర్లన్నీ వారి బొమ్మల్లో కనిపిస్తాయి.

లోపలికి వెళ్ళగానే మోనే 1866లో వేసిన నిలువెత్తు బొమ్మ. ఆకుపచ్చ, నలుపు చారల పట్టుగౌను నేలమీద జీరాడుతూ వుండగా ఒక యువతి అటు తిరిగి వెళ్ళిపోతూ, మొహం కాస్త పక్కకు తిప్పింది. ఆమె పేరు కామిల్. తరువాత మోనే భార్య అయింది. 32 ఏళ్ళకే, 1879లో పోయింది. బొమ్మలో మాత్రం మొహంకంటే ముందు గౌనే మనల్ని పలకరిస్తుంది.

అదే మోనే తోటలో స్త్రీలను వేసిన మరో పటం వుంది. ఎత్తు రెండున్నర మీటర్లు. పైభాగం అందక, తోటలో గొయ్యి తవ్వించి పటాన్ని అందులోకి దించి వేశాడట! ఇంత కష్టపడితే 1867లో ప్రభుత్వ ప్రదర్శనవారు దాన్ని నిరాకరించారు. చివరికి బజీల్ అనే మిత్రుడు 2,500 ఫ్రాంకులకు కొని, నెలకు 50 చొప్పున కట్టడానికి ఒప్పుకున్నాడు.

"వాయిదాల పద్ధతి వీళ్ళకూ వుందన్నమాట!" అన్నారు మావారు. ఆ మాటతో ఆయన విసుగు కాస్త తగ్గింది.

అద్దాల పెట్టెల్లో గౌనులు చూస్తే నాకు జాలి వేసింది. మొదట్లో నడుము చుట్టూ ఉక్కుచట్రాల బుట్ట. అది పోయాక వెనుకవైపు మూపురంలాంటి ఎత్తు. ఎలా కూర్చునేవారో, ఏమో! ఆ రోజుల్లోనే పారిస్‌లో పెద్ద పెద్ద దుకాణాలు వెలిశాయి, కుట్టుమిషన్లు వచ్చాయి, 1856లో పెర్కిన్ అనే ఇంగ్లీషు కుర్రవాడు ఊదారంగును రసాయనాలతో తయారుచేశాక కొత్త కొత్త రంగులు వరసకట్టాయి. మలార్మే అనే మహాకవి 1874లో ఆడవారి పేర్లు పెట్టుకుని ఫ్యాషను పత్రికే నడిపాడు!

మావారికి నచ్చింది కైబోత్ 1877లో వేసిన వానవీధి. గొడుగులు పట్టుకుని నల్లకోట్ల మగవాళ్ళు. "వీళ్ళకు ఫ్యాషను బెడద లేదు" అని సంతోషించారు.

ఇంకో గదిలో అమ్మాయి ఆగిపోయింది. బార్తొలొమే అనే ఆయన 1881 ప్రాంతంలో తన భార్య ప్రాస్పెరీని చిత్రించాడు. ఎండలోనుంచి అద్దాలగదిలోకి అడుగుపెడుతున్నది. తెల్లని నూలుగౌను మీద ఊదారంగు చుక్కలు, చారలు. ఆ పటం దగ్గరే ఆ గౌను! కుచ్చిళ్ళూ, చుక్కలూ అన్నీ అవే. మనిషొక్కతే లేదు. ఆమె 1887లో పోయింది. అటుపైన బార్తొలొమే, మిత్రుడు దెగా ప్రోత్సాహంతో, కుంచె వదిలి ఉలి పట్టాడు. భార్య సమాధికి తానే శిల్పం చేశాడు. గౌను భద్రంగా నిలిచి, 1991లో ఓర్సే మ్యూజియానికి చేరింది.

"అమ్మా, మా ఇంట్లో గోడమీద అమ్మమ్మ పెళ్ళిఫోటో వుంది చూడు, ఆ చీర ఏం రంగు?" అని అడిగింది అమ్మాయి.

అది నలుపు తెలుపు ఫోటో. "నెమలికంఠం రంగు" అన్నాను.

"కాదే! పండగలకు మీ అమ్మగారు కట్టుకోగా నేను చూశాను. వంగపండు రంగు" అన్నారు మావారు.

ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చడానికి ఇప్పుడు చీర లేదు. అమ్మ పోయిన మరుసటేడు, మడతల దగ్గర చివికిపోయిందని, "పాత జరీ కొంటాం" అంటూ వీధిలో వచ్చినవాడికి తూచి ఇచ్చేశాను. చీరను కాల్చి వెండి తీసుకుంటారని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. ఆ డబ్బుతో ఏం కొన్నానో గుర్తయినా లేదు. ఈ సంగతి అమ్మాయికి అక్కడే, ఆ గౌను ముందే చెప్పాను. అది ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికి తిరిగి వచ్చాక పెట్టె తెరిచి, నా పెళ్ళిచీర తీశాను. పాత మడతల మీద చిరగకుండా మడత మార్చి, ఉతికిన పాతపంచెలో చుట్టాను. మ్యూజియంలో ప్రతి గౌను పక్కనా చీటీ వుంటుంది గదా. నేనూ ఒక చీటీ రాశాను: ఎవరి చీర, ఏ యేటిది, ఎవరు కొన్నారు.

మావారు కళ్ళజోడు సవరించుకుని చీటీ అంతా చదివారు. నవ్వుతారనుకున్నాను.

"రంగు రాయలేదేం?" అని కలం అందించారు.