గెనిమ లేని నేల

1990ల చివర్లో కుప్పం దగ్గర ఇజ్రాయెల్ పద్ధతిలో ప్రదర్శన క్షేత్రం పెట్టారు. అక్కడ పరిచిన డ్రిప్పు గొట్టాలు చూసి, అవి ఎక్కడ పుట్టాయో చదవడం మొదలుపెట్టాను. నెగెవ్ ఎడారిలో హట్జెరిమ్ అనే ఉమ్మడి సేద్యపు ఊరు. అలాంటి ఊరిని కిబ్బుట్జ్ అంటారు. డ్రిప్పు గొట్టాలు చేసే నెటాఫిమ్ కంపెనీ 1965లో పుట్టింది ఆ ఊళ్లోనే. అంతకు చాలా ముందే, 1910లో, గలిలీ సరస్సు పక్కన దెగానియా అనే మొదటి కిబ్బుట్జ్ వెలిసింది. భూమి ఎవరి పేరా ఉండదు. తొలి పద్ధతిలో వంటశాల ఒకటే, జీతాలుండేవి కావు, ఎవరికి ఎంత అవసరమో అంతే. 1967 యుద్ధం తర్వాత బయటి దేశాల కుర్రకారు వేలల్లో అక్కడికి పోయి కొన్నాళ్లు పనిచేసి వచ్చేవారు. తిండి, పడక, కొంచెం చేతిఖర్చు ఇచ్చేవారు.

అప్పట్లో తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నాను. తోటివాళ్లు సెలవుల్లో ఊటీ పోతుంటే, నేను కిబ్బుట్జ్‌కి పోతానని చెప్పుకునేవాణ్ణి. గెనిమ (పొలం గట్టు) లేని నేల మీద ఒక నెల బతికి రావాలని నిజంగానే ఆశపడ్డాను. తప్పు ఆశలో లేదు. ఆ ఆశతో నేను ఇతరులను కొలిచిన తీరులో ఉంది.

కుప్పం క్షేత్రంలో చిన్న రైతుల గెనిమలు చెరిపి, కయ్యలన్నీ కలిపి ఒక్క చేనుగా దున్నారు. "రేపు నా కయ్య ఏదంటే ఎవురు చూపిస్తారు?" అని కొందరు భయపడ్డారు. మా చిన్నాయన కూడా ఆ మాటే అన్నాడు. "నీకు లోకం తెలీదు చిన్నాయనా, కలిసి బతకడం నేర్చుకోవాల" అని గట్టిగా వాదించాను. ఆయన మారు మాట్లాడలేదు.

ఆ ఏడు వేసవిలో శాంతిపురం దగ్గర మా టమాట చేను అన్నకూ నాకూ భాగాలైంది. బోరు మాత్రం ఒకటే, వంతుల మీద నడిపేవాళ్లం. నా వంతులో కరెంటు పోయి, అన్న వంతులో వచ్చింది. పోయిన గంట ఎవరిది? అంతటితో ఆగలేదు. మధ్య గెనిమ నా వైపు జరిగిందని సర్వేయరును పిలిపించి గొలుసు వేయించాను. తేడా మూరెడు కూడా లేదు. అయినా అన్నతో మాటలు నిలిచిపోయాయి.

తిరుపతి గదిలో ఒక రాత్రి కిబ్బుట్జ్ గురించిన పుస్తకం తెరిచాను. పక్కనే సర్వేయరు గీసిచ్చిన పటం ఉంది. తొలినాళ్లలో కట్టుకునే బట్టలు కూడా ఉమ్మడివేనట. చాకిరేవు నుంచి ఏ చొక్కా వస్తే అది తొడుక్కోవడమే. ఎవరు ఏ పని చేయాలో, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో సభ్యులంతా సభలో కూర్చుని తేల్చుకునేవారట. ఆ సభలో నన్ను కూర్చోబెట్టుకుని చూసుకున్నాను. నేను లేచి ఏం అడిగేవాణ్ణి? పోయిన గంట కరెంటు సంగతే అడిగేవాణ్ణి. చేయి పటం మీదే ఉంది. దాన్ని మడిచి లోపల పెట్టేంత ధైర్యం కూడా చాలాసేపటికి గాని రాలేదు. పంచుకునే బతుకు చూడాలని సముద్రాలు దాటబోయినవాణ్ణి, తోడబుట్టినవాడితో నీళ్లు పంచుకోలేకపోయాను. గెనిమే ఆస్తిగా బతికే రైతుకు నీతులు చెప్పాను.

వాళ్లకూ అది తేలిగ్గా సాగలేదని తర్వాత చదివాను. 1980ల్లో చాలా కిబ్బుట్జ్‌లు అప్పుల్లో మునిగాయి. పిల్లలను తల్లిదండ్రుల దగ్గర కాకుండా వేరే ఇళ్లలో పడుకోబెట్టే పద్ధతి పోయింది. చాలాచోట్ల పనిని బట్టి జీతాలూ వచ్చాయి. అయినా అంతమంది అన్నేళ్లు ప్రయత్నించారంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

నేను పోలేదు. ఊరికి పోయి, పోయిన ఆ గంట నష్టం నాదేనని, వంతు లెక్కలో అలాగే రాసుకోమని అన్నతో చెప్పాను. అన్న నమ్మడానికి చాలా కాలం పట్టింది. చిన్నాయనకు మాత్రం నా తప్పు చెప్పుకునే వీలు దొరకలేదు, అంతలోనే ఆయన పోయాడు.

ఇప్పుడు ఇలాంటి సెలవుకు పోదామని ఎవరైనా అడిగితే వద్దనను. పర్యాటక వీసా మీద అక్కడ పనిచేయకూడదు, వాలంటీర్లకు వేరే వీసా ఉంది. పని చాలాచోట్ల పొద్దున్నే మొదలవుతుంది. పశువుల కొట్టమో, భోజనశాలలో అంట్లో, ఏది వస్తే అది చేయాలి. అన్నీ కనుక్కుని పోండి. దానికి ముందు మీ ఇంట్లో ఉమ్మడి బోరుంటే, ఒక్క వేసవి వంతు తప్పకుండా నడిపి పోండి.